ఊరికంతా చెప్తాం, బిడ్డకు తప్ప

(ఆదోనిలో పొదుపు సంఘాల మహిళలు, అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తల సమావేశంలో ఒక విశ్రాంత ఆరోగ్య పర్యవేక్షకురాలు చేసిన ప్రసంగ పాఠం)

అమ్మలకు, అక్కలకు, చెల్లెళ్లకు నమస్కారం. పత్తి పని వదులుకొని, ఒక పూట కూలి పోగొట్టుకొని వచ్చినవాళ్లు మీలో చాలామంది ఉన్నారు. అందుకే నేరుగా విషయానికి వస్తాను.

మన వైపు ఆడపిల్ల పెద్దమనిషి అయితే ఎవరెవరికి చెప్తామో ఒకసారి తలుచుకోండి. మొదటి ఫోన్ మేనమామకు. తర్వాత నక్షత్రం చూడమని అయ్యగారికి. ఆ తర్వాత పక్కింటికి, వీధికి, చుట్టాలందరికీ. నువ్వులు, బెల్లం వేసి చిమ్మిలి దంచుతాం. అప్పు తెచ్చయినా ఫంక్షన్ చేస్తాం. బస్టాండు దగ్గర పిల్ల ఫొటోతో ఫ్లెక్సీ కూడా కడుతున్నాం. ఇంతమందికి చెప్పిన మనం ఆ పిల్లకు ఏం చెప్పాం? "ఆ మూల కూర్చో. అది ముట్టుకోవద్దు. ఇక మగపిల్లలతో ఆటలు బంద్." అంతే కదా. రక్తం ఎక్కడినుంచి వస్తోంది, ఎందుకు వస్తోంది, ఎప్పుడు ఆగుతుంది, మళ్లీ వస్తుందా అనే ప్రశ్నలు దాని కడుపులోనే ఉండిపోతాయి. దెబ్బ తగిలిందనుకొని పసుపు అద్దుకున్న పిల్లను నేను చూశాను. క్యాన్సర్ వచ్చింది, చచ్చిపోతానేమో అని ఎవరికీ చెప్పకుండా దుప్పటి ముసుగేసుకొని ఏడ్చిన పిల్లను చూశాను. వాళ్ల అమ్మలు చెడ్డవాళ్లు కాదు. బిడ్డంటే ప్రాణం పెట్టేవాళ్లే. కానీ నోరు రాలేదు.

ఈరోజు నేను అడిగేది ఒకటే. మొదటి నెలసరి రాకముందే మీ బిడ్డకు మీ నోటితో మీరే చెప్పండి. ఎందుకంత పట్టుబడుతున్నానంటే, నెలసరి గురించి అమ్మతో మాట్లాడటం అలవాటైన పిల్ల, రేపు ఎవడైనా ఒంటి మీద చెయ్యి వేస్తే అమ్మకు చెప్పగలుగుతుంది. ఇదే చెప్పుకోలేని పిల్ల దాన్ని అసలే చెప్పదు. ఈ రెండూ వేర్వేరు విషయాలని మనం అనుకుంటాం. పిల్లకు మాత్రం రెండూ ఒకటే, నడుము కింద జరిగేవి, ఇంట్లో మాట్లాడకూడనివి.

ఎప్పుడు చెప్పాలని అడుగుతారు. శరీరమే ముందుగా కబురు పంపుతుంది. మొదట రొమ్ము దగ్గర చిన్న గడ్డలాగా వస్తుంది, ముట్టుకుంటే నొప్పి అంటుంది. చాలామంది తల్లులు దీనికే భయపడి ఆసుపత్రికి వస్తారు. అది ఎదుగుదల మొదలైందనడానికి గుర్తు. అక్కడినుంచి సుమారు రెండు, రెండున్నర ఏళ్లలో నెలసరి వస్తుంది. ఈలోగా పిల్ల పొడవు పెరుగుతుంది, చంకల్లో, పొత్తికడుపు కింద వెంట్రుకలు వస్తాయి. ఇంకొన్ని నెలలుందనగా లోదుస్తులకు తెల్లగా అంటుకోవడం కనిపిస్తుంది. దురద, చెడు వాసన లేకపోతే అది జబ్బు కాదు. అంటే మీకు బోలెడంత టైం ఉంది. చాలామంది పిల్లలకు 12, 13 ఏళ్లకు వస్తుంది, కొందరికి తొమ్మిది, పదేళ్లకే వస్తుంది. కాబట్టి నాలుగో తరగతిలోనో ఐదో తరగతిలోనో మాట మొదలుపెట్టండి.

ఎలా మొదలుపెట్టాలి? ఎదురుగా కూర్చోబెట్టి పాఠం చెప్పాల్సిన పని లేదు. అలా చేస్తే పిల్ల ఏదో తప్పు చేశానేమో అని బెదురుతుంది. జడ వేస్తున్నప్పుడు చెప్పండి. ఒకరి ముఖం ఒకరికి కనబడదు, మీ సిగ్గు, దాని సిగ్గు రెండూ తగ్గుతాయి. శనక్కాయలు వలుస్తున్నప్పుడు చెప్పండి, బట్టలు మడత పెడుతున్నప్పుడు చెప్పండి. టీవీలో ప్యాడ్ల ప్రకటన వస్తే చానల్ మార్చకండి. "అదేందో తెలుసునా పాప నీకు?" అని అడగండి. ఒక రోజు రెండు మాటలు, ఇంకో రోజు మూడు మాటలు. ఒక్కసారే అంతా చెప్పి చేతులు దులుపుకొనేది కాదు ఇది, ఏళ్ల తరబడి సాగే మాట.

ఏం చెప్పాలో కూడా చెప్తాను, మీ మాటల్లోకి మార్చుకోండి. "నీ పొత్తికడుపులో గర్భసంచి ఉంది, నీ పిడికిలంత ఉంటుంది. దానికి రెండు పక్కలా అండాశయాలు ఉన్నాయి. నువ్వు ఎదిగాక నెలకొక అండం వాటిలోంచి బయటికి వస్తుంది. కడుపులో బిడ్డ నిలుస్తుందేమోనని గర్భసంచి లోపల మెత్తటి పొర కడుతుంది. పుట్టబోయే బిడ్డకు బొంత పరిచి పెట్టినట్టు. బిడ్డ నిలవలేదు, ఆ బొంతతో పని లేదు. అప్పుడు ఆ పొర విడిపోయి రక్తంతో కలిసి బయటికి వచ్చేస్తుంది. అదే నెలసరి. మూడు నుంచి ఏడు రోజులు ఉంటుంది, ఆగిపోతుంది, మళ్లీ నెలకు వస్తుంది. నాకూ వస్తుంది, మీ టీచరమ్మకూ వస్తుంది." ఇంతే. చదువు రాకపోయినా చెప్పగలిగిన మాటలివి.

దీంతో పాటు ఇంకొకటి చెప్పండి. పెళ్లయి పిల్లలున్న ఆడవాళ్లకు కూడా చాలామందికి ఇది తెలియదు. ఆడవాళ్లకు కింద మూడు దారులు ఉంటాయి. మూత్రం వచ్చేది ఒకటి, నెలసరి వచ్చేది ఒకటి, దాన్నే యోని అంటారు, బిడ్డ పుట్టేది కూడా ఆ దారిలోనే. మలం పోయేది మూడోది. కడుక్కునేటప్పుడు ముందు నుంచి వెనక్కి కడుక్కోవాలి. వెనక నుంచి ముందుకు కడిగితే మలంలోని క్రిములు మూత్రం దారిలోకి చేరి మంట పుడుతుంది. లోపలికి సబ్బు, డెట్టాల్ పెట్టకూడదు. మంచినీళ్లు చాలు.

ఆ రక్తం చెడు రక్తం అనే మాట మన ఇళ్లలోంచి పోవాలి. ఒంట్లో పారే రక్తమే అది. మొత్తం కలిపి మామూలుగా 30 నుంచి 40 మిల్లీలీటర్లు పోతుంది, అంటే రెండు మూడు పెద్ద చెంచాలు. బట్టకు అంటినప్పుడు బిందెడు పోయినట్టు అనిపిస్తుంది, అందుకే పిల్లకు ఈ లెక్క ముందే చెప్పండి. మొదటి ఒకటి రెండేళ్లు తేదీలు అటూ ఇటూ అవుతాయి, ఒక నెల రాకపోవచ్చు కూడా. దానికి అనుమానపు చూపులు చూడకండి. గోడ మీది క్యాలెండర్‌లో చిన్న చుక్క పెట్టుకోవడం నేర్పండి, తన లెక్క తనకు తెలుస్తుంది.

ప్యాడ్ అయినా, బట్ట అయినా నాలుగైదు గంటలకొకసారి మార్చాలి. బట్ట వాడటం నామోషీ ఏమీ కాదు. మెత్తటి నూలు బట్ట అయితే చాలు, కానీ సబ్బుతో ఉతికి ఎండలో ఆరాలి. చీర కింద, మంచం కింద దాచి ఆరేస్తే తడి పోదు, దురదలు, పుండ్లు వస్తాయి. మన ఆదోని ఎండ కంటే మంచి మందు ఏముంది? దండెం మీద వేయండి. ఇంకో మాట, ప్యాడ్ నిలవాలంటే లోపల చెడ్డీ ఉండాలి. స్కూల్లో ప్యాడ్లు ఇచ్చినా వాడని పిల్లలను కదిలిస్తే సరైన లోదుస్తులు లేవని చెప్పినవాళ్లు ఉన్నారు. ఫ్లెక్సీకి పెట్టే డబ్బులో నాలుగు జతలు వస్తాయి. స్కూలు బ్యాగులో ఒక ప్యాడ్, ఒక చెడ్డీ, పాత పేపరు ఒక చిన్న సంచిలో పెట్టి ఉంచండి. మన రాష్ట్రంలో 2021 అక్టోబరులో స్వేచ్ఛ అని ఒక పథకం మొదలుపెట్టారు. ప్రభుత్వ స్కూళ్లు, కాలేజీల్లో ఏడో తరగతి నుంచి ఇంటర్ దాకా చదివే ఆడపిల్లలకు నెలకు 10 ప్యాడ్లు ఇవ్వాలన్నది దాని ఉద్దేశం. మీ స్కూల్లో ఇస్తున్నారా, బాత్రూంలో నీళ్లు వస్తున్నాయా, తలుపుకు గడియ ఉందా? తల్లిదండ్రుల మీటింగులో ఈ మూడూ అడగండి. అడిగే హక్కు మీకుంది.

కోసిగి, కౌతాళం, మంత్రాలయం వైపు నుంచి వచ్చినవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. సంక్రాంతి వెళ్లగానే సుగ్గికి, అంటే వలస కూలికి, గుంటూరు వైపు మిరపకోతకు పోతారు. పిల్లలను కూడా తీసుకుపోతారు. అక్కడ పట్టాల గుడారాలు, దొడ్డికి పోవాలంటే చీకటి పడాలి. పొద్దున పెట్టుకున్న బట్ట రాత్రి దాకా మార్చని ఆడపిల్లలు ఉంటారు. పైగా మిరపకాయ తెంపిన చేత్తో బట్ట మార్చుకుంటే మంట ఎంత సేపటికీ చల్లారదు. ముందు సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కోమని చెప్పండి. చేతికి నూనె రాసి ఆ తర్వాత సబ్బుతో కడిగితే ఘాటు ఇంకా బాగా పోతుంది. చీర అడ్డం కట్టి నాలుగు కర్రలతో ఒక చాటు చేసుకోవడం పెద్ద పని కాదు, ముగ్గురు నలుగురు తల్లులు కలిస్తే అయిపోతుంది. వీలైతే అసలు పిల్లను తీసుకుపోవద్దు. ఆడపిల్లలు అక్కడే ఉండి చదువుకునే కస్తూర్బా స్కూలు ఉంది, వలస పోయేవాళ్ల పిల్లల కోసం సీజనల్ హాస్టళ్లు పెడతారు. సుగ్గికి బయలుదేరే ముందే హెడ్మాస్టరును అడగండి.

ఇంట్లో జేజి ఉంటుంది, అవ్వ ఉంటుంది. వాళ్లకు వాళ్ల పద్ధతులు. దేవుడి గదిలోకి పోవాలా వద్దా అన్నది మీ ఇంటి నమ్మకం, నేను అందులో జోక్యం చేసుకోను. కానీ పిల్లను వసారాలో గోనెసంచి మీద పడుకోబెట్టడం, స్నానం చేయొద్దనడం, స్కూలు మాన్పించడం మాత్రం ఒప్పుకోను. మడకశిర ప్రాంతంలో కొన్ని పల్లెల్లో నెలసరి వచ్చిన ఆడవాళ్లు, చివరికి బాలింతలు కూడా ఊరి బయట గుడిసెల్లో ఉండే ఆచారం గురించి పేపర్లలో ఎన్నోసార్లు వచ్చింది. పాములు, చలి, వాన, పసిబిడ్డ. ఏ దేవుడు అడిగాడు ఇది? జేజితో గొడవ పడకండి. "అత్తా, నువ్వు చిన్నప్పుడు ఎంత కష్టపడ్డావో కదా, మన పాపకు ఆ కష్టం వద్దు" అనండి. ఆమెకూ గుర్తొస్తుంది.

తిండి విషయంలో మనది వింత. ఫంక్షన్ దాకా నెయ్యి, ఎండుకొబ్బరి, చిమ్మిలి పెట్టి, తర్వాత నెలనెలా గుడ్డు వద్దు, అది వద్దు, ఇది వద్దు అంటాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉంది. రక్తం లేని పిల్లకు నెలనెలా రక్తం పోతుంటే తిండి పెంచాలా, తగ్గించాలా? రాగి సంగటి, శనక్కాయలు, బెల్లం, మునగాకు, గుడ్డు అన్నీ పెట్టండి. స్కూల్లో, అంగన్‌వాడీలో వారానికొకటి నీలం రంగు మాత్ర ఇస్తారు, అది ఐరన్. అన్నం తిన్నాక వేసుకోవాలి, టీతో వద్దు, టీ దాన్ని ఒంటికి పట్టనివ్వదు. నిమ్మకాయ నీళ్లు మంచిది. మాత్ర వేసుకుంటే మలం నల్లగా వస్తుంది, అది చూసి భయపడి పారేస్తున్నారు. భయం లేదు.

మొదటి రెండు రోజులు కడుపునొప్పి మామూలే. వేడినీళ్ల కాపడం పెట్టండి, కొంచెం నడవమనండి. కానీ నొప్పికి స్కూలు మానేస్తుంటే, ఏడు రోజులు దాటినా ఆగకపోతే, గంటకో ప్యాడ్ నిండిపోతుంటే, మూడు నెలలకు పైగా రాకుండా పోతే, 15 ఏళ్లు నిండినా మొదటి నెలసరి రాకపోతే డాక్టరుకు చూపించాలి. ఎనిమిదేళ్ల లోపే ఎదుగుదల కనబడినా చూపించాలి.

ఇప్పుడు కష్టమైన భాగానికి వస్తాను. మీలో కొందరు తలలు దించుకుంటున్నారు, ఫరవాలేదు.

"ఆ విషయాలు చెప్తే పిల్లలు చెడిపోతారు" అంటారు. చదువుల సంగతి చూసే ఐక్యరాజ్యసమితి సంస్థ యునెస్కో 2018లో అనేక దేశాల అధ్యయనాలను చూసి తేల్చిందేమిటంటే, ఇలాంటి చదువు చెప్పినందువల్ల పిల్లలు తొందరపడరు. పైగా తెలిసిన పిల్లలు ఆగుతారు, జాగ్రత్త పడతారు. మీరు చెప్పకపోతే పిల్ల తెలుసుకోకుండా ఉంటుందా? చేతిలో ఫోన్ ఉంది. అది చూపించే బూతు బొమ్మల్లో ప్రేమ ఉండదు, ఆడదాని ఇష్టం ఉండదు, భయం ఉండదు, బాధ్యత ఉండదు. దాన్నే నిజమనుకుంటుంది. మీరు చెప్పేది దానికంటే మంచిదే అవుతుంది.

వయసును బట్టి చెప్పాలి. ఐదారేళ్ల పిల్లకు, చెడ్డీ కప్పే భాగాలు నీవి, స్నానం చేయించేటప్పుడు అమ్మ, చూపించుకునేటప్పుడు అమ్మ ముందర డాక్టరు తప్ప ఎవరూ ముట్టుకోకూడదు, ఎవరైనా ముట్టుకొని "అమ్మకు చెప్పొద్దు" అంటే ఆ మాటే ముందు అమ్మకు చెప్పాలి అని నేర్పండి. పన్నెండు పదమూడేళ్ల పిల్లకు బిడ్డ ఎలా పుడుతుందో చెప్పాలి. "మగవాడి వీర్యంలో ఉండే కణం, ఆడదాని అండం కలిస్తే బిడ్డ నిలుస్తుంది. ఆడ, మగ శరీరాలు కలిసినప్పుడు అది జరుగుతుంది. నెలసరి మొదలైందంటే నీకూ కడుపు రావచ్చు. కానీ నీ ఒళ్లు ఇంకా ఎదుగుతోంది, బిడ్డను మోసే వయసు కాదు." ఈ నాలుగు ముక్కలు చాలు. పదిహేను దాటిన పిల్లతో ఇష్టం గురించి మాట్లాడండి. ఒకబ్బాయి నచ్చడం తప్పు కాదని చెప్పండి. నచ్చినంత మాత్రాన అతను ఫొటో అడిగితే పంపక్కర్లేదని, పిలిచిన చోటికి పోనక్కర్లేదని, వద్దన్నా వినని వాడిది ప్రేమ కాదని చెప్పండి. గర్భం రాకుండా ఏమేం ఉన్నాయో, కండోమ్ గర్భంతో పాటు హెచ్‌ఐవీని కూడా ఎలా అడ్డుకుంటుందో కూడా తెలియాలి. పెళ్లయ్యాక తెలుస్తుందిలే అనుకోకండి, పెళ్లయిన ఏడాదికే బిడ్డను ఎత్తుకొని రక్తం లేక మా దగ్గరికి వచ్చిన పిల్లలకు ఎవరూ చెప్పలేదు.

చట్టం కూడా చెప్పాలి. పిల్లల మీద లైంగిక నేరాలను అడ్డుకోవడానికి 2012లో తెచ్చిన పోక్సో చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండని పిల్లతో లైంగిక సంబంధం నేరం. పిల్ల ఒప్పుకుంది అన్నా చెల్లదు. ఇది మీ కొడుకులకు కూడా చెప్పండి. ప్రేమించానని పదహారేళ్ల పిల్లను తీసుకుపోయిన పందొమ్మిదేళ్ల అబ్బాయి జైలుకు పోతాడు. పెళ్లికి ఆడపిల్లకు 18, అబ్బాయికి 21 నిండాలి. ఇందాక చెప్పిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 20 నుంచి 24 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 29 మందికి 18 లోపే పెళ్లయింది. కారణం నాకు తెలుసు. సుగ్గికి పోతూ ఎదిగిన పిల్లను ఎవరి దగ్గర వదలాలి అనే టెన్షన్. మేనమామ అడుగుతున్నాడు కదా అనే సౌకర్యం. మీ భయం నిజమే, కానీ దానికి పరిష్కారం హాస్టలు, బడి. పెద్దమనిషి కావడమంటే పెళ్లికి తయారైందని కాదు.

ఇక చేయి వేసే వాడి సంగతి. వాడు ముక్కూ మొహం తెలియని వాడు అయ్యుంటాడని అనుకుంటాం. పోలీసు లెక్కల్లో ఏటా కనబడేది వేరు. పిల్లల మీద జరిగిన అత్యాచారాల్లో పదింట తొమ్మిదికి పైగా తెలిసినవాడే. చుట్టం, పక్కింటివాడు, ట్యూషన్ చెప్పేవాడు. అందుకే పిల్ల చెప్పడానికి అంత కష్టపడుతుంది. అది నోరు తెరిచిన క్షణంలో మీ నోట్లోంచి వచ్చే మొదటి మాట మీదే అంతా ఉంటుంది. "నువ్వెందుకు పోయినావ్ అక్కడికి?" అన్నారో, అక్కడితో అయిపోయింది, ఇక ఎన్నడూ చెప్పదు. "చెప్పి మంచిపని చేసినావు. తప్పు నీది కాదు. నేనున్నా" అనండి. గుచ్చి గుచ్చి అడగొద్దు, చెప్పినంత వినండి.

తర్వాత పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి, లేదా అత్యవసర నంబరు 112కి. లైంగిక దాడి జరిగితే స్నానం చేయించకుండా, బట్టలు ఉతకకుండా, ఆ బట్టలు కాగితం సంచిలో పెట్టుకొని ఆసుపత్రికి పోవాలి. 72 గంటల్లోపు పోతే గర్భం రాకుండా, హెచ్‌ఐవీ సోకకుండా మందులు ఇవ్వవచ్చు. ఎంత ముందు పోతే అంత మంచిది. ఏ ఆసుపత్రి అయినా, ప్రైవేటుదైనా, ఉచితంగా వైద్యం చేయాల్సిందే. పోలీసు స్టేషనుకు పోవాలంటే భయమా? పిల్ల వాంగ్మూలం ఇంట్లోనే తీసుకోవచ్చు, యూనిఫాం లేకుండా రావాలి, వీలైనంతవరకు మహిళా అధికారే రావాలి. పిల్ల పేరు, ఫొటో పేపర్లో రాకూడదు. తెలిసి కూడా దాచిపెట్టడం చట్టప్రకారం తప్పు. పరువు పోతుందని దాచిన ఇళ్లలో వాడు రెండో పిల్ల జోలికి పోయిన సంగతులు నాకు తెలుసు.

(సభలోంచి ఒక తల్లి: "మేడం, మా పాపకు పద్నాలుగు. పెద్దమనిషై రెండేళ్లయింది. నేనేమీ చెప్పలేదు. ఇప్పుడెట్ల మొదలుపెట్టాలి?")

కూర్చో తల్లీ. ఆలస్యమేమీ కాలేదు. ఈ రాత్రి పాప పక్కన పడుకొని ఒక్క ప్రశ్న అడుగు. "నెలకు నీకు కడుపునొప్పి వస్తుందా పాపా?" అది జవాబు చెప్పినా చెప్పకపోయినా ఇంకో రోజు అడుగు. "ప్యాడ్లు సరిపోతున్నాయా?" అను. మా అమ్మ నాకు చెప్పలేదు, నేను చాలా భయపడ్డాను అని నీ కథ చెప్పు. పిల్లలు అమ్మల కథలు వింటారు.

(ఇంకొక తల్లి: "నేను గుంటూరులో ఉంటా, పిల్ల వాళ్ల నాయన దగ్గర ఉంటుంది.")

అయితే నాయనకు నేర్పించమ్మా. ప్యాడ్ ప్యాకెట్ నల్లకవర్లో చుట్టకుండా తెచ్చివ్వడం నేర్పించు. "నీకేం కావాలన్నా అడుగు పాప" అని ఒక్క మాట అనమను. తమ్ముడు ఉంటే వాడికీ చెప్పు, ఎగతాళి చేయకుండా నీళ్ల బకెట్టు తెచ్చిస్తాడు. సాయంత్రం నువ్వు ఫోన్లో మాట్లాడేటప్పుడు కూలి సంగతి, పశువుల సంగతి అయ్యాక పిల్లను పక్కకు పిలిచి రెండు నిమిషాలు అడుగు. మీ ఊరి ఆశ అక్క ఫోన్ నంబరు పిల్ల పుస్తకంలో రాసి పెట్టు.

ఐరన్ మాత్రలు ఆ బల్ల మీద పెట్టించాను, పోయేటప్పుడు మీ ఆశ అక్క దగ్గర తీసుకోండి, ఎలా వేయాలో ఆమె చెబుతుంది. అందరి ముందర అడగడానికి సిగ్గుపడ్డవాళ్లు వెనక గదిలోకి రండి. సాయంత్రం బస్సు దాకా నేను ఇక్కడే ఉంటాను.